జాతర దారి అందరిది

పాఠ్యభాగ ఉద్దేశం

పండుగలు, జాతరలు సమాజాన్ని ఒక్కచోట చేరుస్తాయి. అయితే నడవలేనివారు, కొన్ని ఆహారనియమాలు తప్పక పాటించవలసినవారు ఆ కలయికకు దూరంగా ఉండిపోతున్నారు. వారు జాతరకు వెళ్ళవచ్చునా అనే ప్రశ్నకు బదులు, ఎట్లా వెళ్ళగలరు అనే ప్రశ్న వేసుకోవడం ఎంత అవసరమో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

‘జాతర’ అనే మాట ‘యాత్ర’ అనే సంస్కృత పదానికి వికృతి. యాత్ర అంటే ప్రయాణం. దేవత కొలువు, మొక్కులు, అంగళ్ళు, రంగులరాట్నాలు ఇవన్నీ తరువాత వచ్చి చేరిన అర్థాలు. మొదటి అర్థం మాత్రం ఇల్లు వదిలి దారి పట్టడమే. అందుకే మన పెద్దలు ‘జాతర చూచాము’ అనడం కంటె ‘జాతరకు పోయి వచ్చాము’ అని చెప్పుకొంటారు. పోవడం, రావడం అందులోని ముఖ్య భాగాలు. మరి పోలేని వారి సంగతి ఏమిటి? కాళ్ళు సహకరించని వారికి, దారిలో దొరికినదల్లా తినే వీలు లేనివారికి జాతరలో పాలు లేదా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి మేడారం మహోత్సవం కంటె తగిన చోటు తెలుగు నేలపై మరొకటి కనిపించదు.

మేడారం జాతర

మేడారం ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని అటవీ గ్రామం. 2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఇది జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరింది. 2019 ఫిబ్రవరి 17న ములుగు ప్రత్యేక జిల్లా కావడంతో అందులో భాగమైంది. ఇక్కడ రెండేళ్ళకొకసారి మాఘ పౌర్ణమి సమీపాన నాలుగు రోజుల పాటు సమ్మక్క సారలమ్మల జాతర జరుగుతుంది. 1996లో దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. 2024లో ఈ జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది.

బుధవారం నాడు కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు చేరుతుంది. అదే సమయానికి మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. పూనుగొండ్ల పూజారులు పగిడిద్దరాజును అడవి దారుల వెంట కాలినడకనే తీసుకొని వస్తారు. గురువారం సాయంత్రం చిలుకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో సమ్మక్కను కోయ పూజారులు తీసుకొని వచ్చి గద్దెపై నిలుపుతారు. శుక్రవారం తల్లీకూతుళ్ళు ఇద్దరూ గద్దెలపై ఉండగా భక్తులు మొక్కులు చెల్లిస్తారు. శనివారం దేవతల వనప్రవేశంతో జాతర ముగుస్తుంది. గద్దెలపై విగ్రహాలు ఉండవు. భక్తులు సమర్పించే ముఖ్యమైన కానుక బెల్లం. దానిని ‘బంగారం’ అంటారు. తమ బరువుకు సరితూగే బెల్లాన్ని సమర్పించడాన్ని ‘నిలువెత్తు బంగారం’ ఇవ్వడం అంటారు.

కాకతీయుల కాలంలో కరువు వచ్చి కప్పం కట్టలేని కోయరాజుపై సైన్యం దండెత్తగా సమ్మక్క కుటుంబం ఎదురునిలిచి పోరాడిందని ఐతిహ్యం. కుమారుడు జంపన్న సంపెంగవాగులో ప్రాణాలు విడిచాడని, అందువల్ల ఆ వాగుకు జంపన్నవాగు అనే పేరు వచ్చిందని చెప్తారు. వెన్నుపోటుతో గాయపడిన సమ్మక్క చిలుకలగుట్ట వైపు నడిచి అదృశ్యమైందని, వెదకిన వారికి పుట్ట దగ్గర కుంకుమభరిణె దొరికిందని కథ. గాయపడిన ఒక తల్లి కష్టపడి నడిచిన నడకే ఈ జాతరకు మూలం. ఆ జాతరలో గాయపడినవారికి, నడవలేనివారికి చోటు లేకుండా పోవడం కథకే విరుద్ధం కదా!

ముగ్గురు యాత్రికులు

మేడారానికి పోదలచిన ముగ్గురు యాత్రికులను ఉదాహరణగా తీసుకొందాం. వీరు కల్పితులు. వీరి అవసరాలు మాత్రం మన చుట్టూ ఉన్న ఇళ్ళలో నిత్యం కనిపించేవే.

మొదటి యాత్రికురాలు జనగామకు చెందిన డెబ్బై ఏళ్ళ వృద్ధురాలు. ఆమెకు మోకాళ్ళు అరిగిపోయాయి. మధుమేహం ఉన్నందున రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ తీసుకోవాలి. మనుమడు పుట్టినప్పుడు నిలువెత్తు బంగారం మొక్కుకొన్నది. ఆ మనుమడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరానికి వచ్చినా మొక్కు తీరలేదు. కొడుకు, కోడలు ఆమె మీది ప్రేమతోనే “ఈసారికి మేము పోయి వస్తాము, నీవు ఇంట్లో ఉండు” అంటున్నారు. దానికి ఆమె ఒకే మాట అడిగింది: “నడిచే కాళ్ళకేనా బిడ్డా మొక్కు ఉండేది?”

రెండవ యాత్రికుడు మహబూబాబాద్‌లో దర్జీ పని చేసుకొనే నడివయస్కుడు. పసితనంలో సోకిన పోలియో వల్ల రెండు చంకకర్రల సాయంతో నడుస్తాడు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రకటించింది. వ్యాధి పోయినా, అంతకు పూర్వం దానికి గురైన తరం మన మధ్యనే ఉన్నది.

మూడవ యాత్రికుడు భూపాలపల్లిలో ఉంటున్న సింగరేణి విశ్రాంత కార్మికుడు. మూత్రపిండాలు దెబ్బతిన్నందున వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకొంటాడు. నడవగలడు. కాని ఉప్పు, నీరు, పండ్లు అన్నింటికీ వైద్యుడు కొలత పెట్టాడు.

ముగ్గురి కోరికా ఒకటే. ముగ్గురికీ ఎదురయ్యే అడ్డంకులు మాత్రం వేరు వేరు. కనుక ముగ్గురికీ ఒకే సలహా పనికిరాదు.

దారి, నడక

జనగామ నుంచి మేడారం సుమారు 150 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి జనగామ, హనుమకొండ, ములుగుల మీదుగా ఏటూరునాగారం వైపు పోతుంది. మహబూబాబాద్ వారు నర్సంపేట, మల్లంపల్లి మీదుగా ములుగు చేరి ఈ దారిలో కలుస్తారు. జనగామ, మహబూబాబాద్ పట్టణాలకు రైలు ఉన్నది. కాని కాజీపేట, వరంగల్ దాటి మేడారం దిక్కుకు రైలు లేదు. భూపాలపల్లికి రైల్వేస్టేషనే లేకపోయినా ఈ మూడు పట్టణాలలో మేడారానికి దగ్గరిది అదే. రైలు, బస్సు, మళ్ళీ బస్సు అని మారవలసిన ప్రతిచోటా చంకకర్రలు ఉన్నవాడికి మెట్లు ఎదురవుతాయి. అందువల్ల అతనికి త్వరగా చేర్చే ప్రయాణం కంటె తక్కువసార్లు ఎక్కి దిగే ప్రయాణం మేలు.

జాతర రోజులలో అసలు కష్టం వాహనం దిగిన తరువాత మొదలవుతుంది. వాహనాలను దూరంగా నిలుపుతారు. అక్కడి నుంచి జంపన్నవాగుకు, వాగు నుంచి గద్దెలకు జనసమ్మర్దంలో నడవాలి. కోటికి పైగా యాత్రికులు వస్తారని అంచనా వేసే చోట ఆ నడకలో నిలబడి ఊపిరి పీల్చుకొనే వీలు కూడా దొరకదు. గురువారం సాయంత్రం సమ్మక్క రాక మొదలు శుక్రవారమంతా రద్దీ పతాకస్థాయిలో ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న వృద్ధురాలు ఆ గంటలలోనే గద్దె ఎక్కాలని పట్టుబట్టడం ఆమెకే కాదు, ఆమె చుట్టూ ఉన్నవారికి కూడా ప్రమాదం.

ఇక్కడ జాతర సంప్రదాయమే ఒక దారి చూపుతున్నది. జాతరకు కొన్ని వారాల ముందునుంచే వేలాది భక్తులు వచ్చి ముందస్తు మొక్కులు చెల్లించి పోతుంటారు. జాతర జరగని మధ్య సంవత్సరంలో చిన్న జాతర కూడా జరుగుతుంది. హనుమకొండ జిల్లా ఆత్మకూరు మండలం అగ్రంపహాడ్‌లోను, ఇంకా అనేక గ్రామాలలోను సమ్మక్క జాతరలు ఉన్నాయి. డయాలసిస్‌పై ఉన్న భూపాలపల్లి యాత్రికుడు రెండు వారాల ముందు, చికిత్స జరిగిన మరునాడు బయలుదేరి అదే రోజు తిరిగి రావచ్చు. జాతర నాలుగు రోజులలోనే పోతే వాహనాలు గంటల తరబడి నిలిచిపోయినప్పుడు తరువాతి చికిత్స తప్పిపోయే ప్రమాదం ఉన్నది. ముందుగా పోవడం భక్తిలో తగ్గడం కాదు. కాలాన్ని ఎంచుకోవడం కూడా యాత్రలో ఒక భాగమే.

మహబూబాబాద్ దర్జీ మాత్రం ముందస్తు మొక్కుకు ఒప్పుకోడు. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు బయలుదేరి వచ్చే ఆ బుధవారమే మేడారంలో ఉండాలని అతని కోరిక. అది అతని నిర్ణయం. దానిని గౌరవించి సాయపడడం మిత్రుల పని. గద్దెల దగ్గర రద్దీ ఇంకా పెరగని బుధవారం ఉదయానికే అతడు చేరుకోవచ్చు. వాగు ఇసుకలో చంకకర్రల కొనలు దిగబడతాయి. అరిగిన రబ్బరు తొడుగులు ముందే మార్చుకోవాలి. ఇసుకలో కొంత దూరం చక్రాల కుర్చీ వాడవలసి వస్తే దానిని ముందుకు నెట్టరాదు. ముందున్న చిన్న చక్రాలు ఇసుకలో కూరుకొని మనిషి ముందుకు పడిపోతాడు. కుర్చీని వెనుకకు తిప్పి, పెద్ద చక్రాల మీద భారం వేసి లాగాలి. వీటన్నింటి కంటె ముఖ్యమైన నియమం మరొకటి ఉన్నది. అడగకుండా ఎవరి చంకకర్రనూ, కుర్చీనీ తాకరాదు. చంకకర్ర అతని దేహంలో భాగం వంటిది. అమాంతం ఎత్తుకొని పోవడం సాయం కాదు, అవమానం. “ఎట్లా సాయపడమంటారు?” అని అడిగి, ఆయన చెప్పినట్లు చేయడమే మర్యాద.

ఆకలి, ఆహారం

జాతరలో తిండికి కొరత ఉండదు. చెట్ల నీడన కుటుంబాలు గుడారాలు వేసుకొని కోళ్ళు, మేకలు కోసి వండుకొంటాయి. అంగళ్ళలో మిఠాయిలు, మిరపకాయ బజ్జీలు, కొబ్బరిబొండాలు, ఎటు చూసినా బెల్లం. ఆరోగ్యవంతుడికి ఇదంతా వేడుక. నియమం ఉన్నవాడికి మాత్రం ఇందులో ప్రతి ముద్ద ఒక ప్రశ్న.

మధుమేహం ఉన్నవారు తీపి తినరాదని అందరికీ తెలుసు. బెల్లం సహజమైనది కనుక చక్కెర వంటి హాని చేయదని చాలామంది భావిస్తారు. అది పొరపాటు. బెల్లంలో అధిక భాగం చక్కెరే. రక్తంలో చక్కెరను అది కూడా పెంచుతుంది. దీనికంటె తక్కువ మందికి తెలిసిన విషయం మరొకటి ఉన్నది. ఇన్సులిన్ తీసుకొని, వరుసలో గంటలకొద్దీ నిలబడి, వేళకు తినకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చేతులు వణకుతాయి, చెమటలు పడతాయి, మాట తడబడుతుంది, చివరకు స్పృహ తప్పుతుంది. ఆమె మెలకువతో ఉండి మింగగలిగితే వెంటనే మూడు చెంచాల చక్కెరో, గ్లూకోజు పొడియో, అవి లేకపోతే చిన్న బెల్లం ముక్కో ఇవ్వాలి. పావుగంట తరువాత తేరుకోకపోతే మళ్ళీ ఇచ్చి వైద్య శిబిరానికి తీసుకొనిపోవాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు. నిత్యం దూరంగా ఉంచవలసిన బెల్లమే ఆ ఒక్క క్షణంలో ప్రాణం నిలిపే మందు అవుతుంది. జనగామ వృద్ధురాలి చీర కొంగులో ఒక చిన్న ముక్క ముడివేసి ఉండడం అందుకే అవసరం.

ఇన్సులిన్ ఎండకు చెడిపోతుంది. నిలిపిన వాహనంలో దానిని వదిలివేయరాదు. తడిగుడ్డ చుట్టిన మట్టిపాత్రలో, సీసాకు తడి తగలకుండా ఉంచి చల్లగా కాపాడుకోవచ్చు. మంచుగడ్డలకు నేరుగా ఆనించరాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ తిరిగి కరిగినా పనికిరాదు. మందులు సామాను మూటలో కాక యాత్రికురాలి వెంటనే ఉండాలి. జనంలో తప్పిపోయే అవకాశం ఉన్నందున పేరు, ఊరు, జబ్బు, వాడే మందులు, ఇంటివారి ఫోను నంబరు తెలుగులో రాసిన చీటీ ఆమె దగ్గర ఉంచాలి.

మూత్రపిండాల రోగి సంగతి మరింత సున్నితమైనది. ఎండలో నడిచినవారికి కొబ్బరినీళ్ళు ఇవ్వడం మన మర్యాద. కాని కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు పనిచేయనివారిలో అది రక్తంలో పేరుకొని గుండె లయను తప్పిస్తుంది. అరటిపండు, బెల్లం విషయంలోను జాగ్రత్త అవసరం. పచ్చళ్ళు, అప్పడాలు, సకినాల వంటి ఉప్పు పదార్థాలు దాహాన్ని పెంచుతాయి. దాహంతో ఎక్కువ నీరు తాగితే ఆ నీరు శరీరంలోనే నిలిచిపోతుంది. అందువల్ల అతడు ఇంటి నుంచి తక్కువ ఉప్పుతో చేసిన సద్ది కట్టుకొని పోవడం, రోజుకు తాగదగిన నీటిని ఒక సీసాలో కొలిచి పెట్టుకోవడం మేలు. ఎంత తినాలి, ఎంత తాగాలి అనేది ప్రతివారికి వారి వైద్యుడు చెప్పవలసినదే.

“ప్రసాదం కాదనరాదు” అనే మాట ఇటువంటివారిని చాలా ఇబ్బంది పెడుతుంది. ప్రేమతో పెట్టేవారు “ఒక్క ముక్కకు ఏమవుతుంది?” అంటారు. రోజంతటిలో అట్లా అనేవారు పదిమంది ఉంటారు. మేడారంలో బెల్లం ముందుగా ఇచ్చేది, తరువాత తినేది. సమర్పించడంతోనే మొక్కు తీరుతుంది. ప్రసాదాన్ని కళ్ళకద్దుకొని పక్కవారికి పంచిపెట్టినవారు దానిని స్వీకరించినట్లే. తినలేనివారిని బలవంతపెట్టకపోవడం పెట్టేవారి మర్యాద.

ఇతర దేశాల అనుభవం

పండుగ వేళ పరాయి చోట నియమం పాటించవలసి రావడం మన ప్రాంతానికే ప్రత్యేకం కాదు. నేడు తెలుగువారు ఎక్కువగా చూడబోయే దేశాలలో థాయిలాండ్ ఒకటి. అక్కడ ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సోంగ్‌క్రాన్ అనే నూతన సంవత్సర పండుగ జరుగుతుంది. 2023 డిసెంబరులో యునెస్కో దానిని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వీధులలో ఒకరిపై ఒకరు నీళ్ళు చల్లుకొంటారు. తడిసిన నేలపై చంకకర్రలు జారుతాయి. కూరగాయల వంటకాలలో సైతం చేపలతో చేసిన ‘నామ్ ప్లా’ అనే ద్రవం రుచి కోసం కలపడం అక్కడి వాడుక. కనుక శాకాహారి కంటికి కనిపించినదానిని మాత్రమే నమ్మడానికి వీలులేదు.

అదే దేశం ఈ చిక్కుకు ఒక చక్కని పరిష్కారం కూడా చూపుతున్నది. ప్రతి సంవత్సరం తొమ్మిది రోజులు జరిగే శాకాహార పండుగలో, మాంసం, చేప, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి లేని ‘జే’ ఆహారం అమ్మే అంగళ్ళపై ఎర్రని అక్షరాలున్న పసుపుపచ్చని జెండాలు ఎగురవేస్తారు. భాష రాని యాత్రికుడు సైతం ఆ జెండాను దూరం నుంచే గుర్తుపడతాడు. మన దేశంలో పొట్లాలలో అమ్మే శాకాహార పదార్థాలపై ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. జాతర అంగళ్ళలో అప్పటికప్పుడు వండి పెట్టేదానికి అటువంటి గుర్తు కనిపించదు. తీపి లేనిది, ఉప్పు తక్కువైనది, మాంసం తగలనిది అని తెలిపే మూడు రంగుల జెండాలు జాతరలో కనిపిస్తే ఎంతమందికి మేలు కలుగుతుందో ఊహించవచ్చు. దానికి పెద్ద ఖర్చు కాదు. ముందుచూపు ఉంటే చాలు.

దయ కాదు, హక్కు

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. వారిలో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు సుమారు 54 లక్షలు. వృద్ధాప్యం వల్ల నడక తగ్గినవారందరూ ఈ లెక్కలోకి రారు. 1995లో వచ్చిన వికలాంగుల చట్టం స్థానంలో 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమలులో ఉన్నది. ఈ చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఉద్యోగం, విద్యలతో పాటు సాంస్కృతిక జీవనంలో ఇతరులతో సమానంగా పాల్గొనడం వారి హక్కు అని పేర్కొన్నది. ఒకరికి అవసరమైన తగిన సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్షయే అని నిర్వచించింది. ప్రవేశ సౌలభ్యానికి సంబంధించిన ప్రమాణాలు కేవలం సలహాలుగా మిగలరాదని, తప్పనిసరి నియమాలు కావాలని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

చట్టం మాట నేల మీదికి దిగితే ఎట్లా ఉంటుంది? మెట్ల పక్కన వాలుబాట కట్టాలి. అది కట్టడంలో ఒక కొలత ఉన్నది. అడుగు ఎత్తు ఎక్కడానికి కనీసం పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలి. అంతకంటె నిటారుగా కట్టినది చక్రాల కుర్చీకి బాట కాదు, జారుడుబల్ల. వరుసలో నిలబడలేనివారికి ప్రత్యేక దర్శనం ఉండాలి. తిరుమలలో వృద్ధులకు, వికలాంగులకు అటువంటి ఏర్పాటు ఉన్నది. చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఉండాలి. అది లేకపోతే చాలామంది ప్రయాణంలో నీళ్ళు తాగడం మానివేసి జబ్బుపడతారు. ఈ విషయం చెప్పుకోవడానికి వారు సిగ్గుపడతారు. కనుక ఏర్పాటు చేసేవారే ముందుగా ఆలోచించాలి.

2024 జాతర సమయంలో ఆర్టీసీ తన సరకు రవాణా సేవల ద్వారా మేడారం ప్రసాదాన్ని భక్తుల ఇళ్ళకు చేర్చింది. మంచం దిగలేనివారికి ఇది గొప్ప ఓదార్పు. అయితే ప్రసాదం ఇంటికి వస్తున్నదనే కారణంతో మనిషిని ఇంట్లో ఉంచివేయడం న్యాయం కాదు. పోలేనివాడికి ప్రసాదం పంపడం సౌకర్యం. పోగలిగినవాడిని ఆపి ప్రసాదం పంపడం అన్యాయం. ఈ రెంటికీ గల భేదాన్ని నిర్ణయించవలసినది కుటుంబం కాదు, ప్రభుత్వం కాదు. ఆ యాత్రికుడే.

ముగింపు

జనగామ ఇంట్లో చివరకు మనుమడు నాయనమ్మను వైద్యుని దగ్గరకు తీసుకొనిపోయాడు. ఆమె పోవచ్చునా అని అతడు అడగలేదు, ఎట్లా పోవాలో అడిగాడు. వైద్యుడు మందుల వేళలు సరిచేసి, ఏమి తినాలో రాసి ఇచ్చాడు. జాతరకు కొన్ని రోజుల ముందు, రద్దీ లేని మంగళవారం నాడు, తెల్లవారుజామున వారు బయలుదేరారు. ములుగు దాటక ముందే గట్టమ్మ దగ్గర ఆగి సద్ది విప్పారు. వేళకు రెండు జొన్నరొట్టెలు, పప్పు తిన్నది. మేడారంలో వాగు దగ్గర కుర్చీని వెనుకకు తిప్పి లాగింది మనుమడే.

మొక్కు మనుమడి పేరు మీదిది. కాని తక్కెడలో ముందుగా కూర్చున్నది నాయనమ్మ. తన బరువు బెల్లం కూడా ఇవ్వాలని ఆమె దారిలోనే అనుకొన్నది. తక్కెడ పళ్ళెంలో ఎవరూ నిలబడరు. నడిచి వచ్చినవాడైనా, కుర్చీలో వచ్చినవాడైనా అందులో కూర్చోవలసిందే. ఆమె తరువాత మనుమడు కూర్చున్నాడు. ఇద్దరి బరువుకు సరితూగిన బంగారం అమ్మవారికి చేరింది. ఆమె ప్రసాదాన్ని కళ్ళకద్దుకొని మనుమడి చేతిలో పెట్టింది. కొంగున ముడివేసిన చిన్న ముక్క మాత్రం, అవసరం రానందున, అట్లాగే జనగామకు తిరిగి వచ్చింది.

యాత్ర వికృతి జాతర. దారి అందరికీ తెరిచి ఉన్నప్పుడే ఆ మాటకు అర్థం నిలుస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

పాలు – భాగం, వాటా
ఐతిహ్యం – తరతరాలుగా చెప్పుకొనే కథ
జనసమ్మర్దం – జనుల ఒత్తిడి, రద్దీ
పతాకస్థాయి – అత్యున్నత స్థితి
సద్ది – ప్రయాణానికి కట్టుకొనే అన్నం, మూట
వివక్ష – భేదభావం చూపడం
వాలుబాట – మెట్లకు బదులు ఏటవాలుగా కట్టిన దారి

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. మేడారం జాతరకు పోదలచిన ముగ్గురు యాత్రికుల అవసరాలను, వారు పాటించదగిన జాగ్రత్తలను వివరించండి.
2. ‘జాతరలో పాల్గొనడం దయ కాదు, హక్కు’ – పాఠం ఆధారంగా సమర్థించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. మధుమేహం ఉన్నవారి విషయంలో బెల్లం రెండు విధాలుగా ఎట్లా పనిచేస్తుంది?
2. థాయిలాండ్ శాకాహార పండుగ నుంచి మన జాతరలు నేర్చుకోదగినది ఏమిటి?
3. ప్రసాదాన్ని ఇంటికి పంపడంలోని సౌకర్యాన్ని, అందులో ఉండగల అన్యాయాన్ని తెలపండి.

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పగిడిద్దరాజు ఏ గ్రామం నుంచి మేడారం చేరుతాడు?
2. చక్రాల కుర్చీని ఇసుకలో ఎట్లా తీసుకొనిపోవాలి?
3. అడుగు ఎత్తుకు వాలుబాట కనీసం ఎంత పొడవు ఉండాలి?

భాషాంశాలు
సంధులు: మహోత్సవం = మహా + ఉత్సవం (గుణసంధి); అత్యున్నతం = అతి + ఉన్నతం (యణాదేశసంధి); నిలువెత్తు = నిలువు + ఎత్తు (ఉత్వసంధి)
సమాసాలు: తల్లీకూతుళ్ళు – తల్లియును, కూతురును (ద్వంద్వసమాసం), నాలుగు రోజులు – నాలుగు సంఖ్య గల రోజులు (ద్విగుసమాసం)
ప్రకృతి – వికృతి: యాత్ర – జాతర, భక్తి – బత్తి, ఆహారం – ఓగిరం

ప్రాజెక్టు పని: మీ ఊరిలో జరిగే ఒక జాతరకు లేదా ఉత్సవానికి వెళ్ళండి. నడవలేనివారికి, ఆహారనియమాలు ఉన్నవారికి అక్కడ ఉన్న సౌకర్యాలను, లేనివాటిని వారినే అడిగి తెలుసుకొని నివేదిక రాయండి.